కాకిపాదం లేని రవ్వ

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. రోజులు గడిస్తే బరువు తగ్గుతుందేమోనని చూశాను. తగ్గలేదు. నాకు అలవాటైంది, అంతే. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. జాలి కోసం మాత్రం రాయడం లేదు. నేను చేసినదాంట్లో సగానికి ఇప్పటికీ సిగ్గుపడను. మిగతా సగం కోసమే ఈ రాత.

మాది పోర్ట్ బ్లెయిర్. నాన్న విశాఖలో నగల్లో వజ్రపు రవ్వలు పొదిగే పని నేర్చుకుని ఇక్కడికొచ్చి, బతు బస్తీలో చిన్న దుకాణం పెట్టుకున్నాడు. ఆయన పక్కన కూర్చుని కూర్చుని నాకూ రాయి చూడడం వచ్చింది. తెల్ల కాగితం మడిచి, మడతలో రాయిని బోర్లా పెట్టి, కిటికీ వెలుగులో చూడాలి. పసుపు ఉంటే అక్కడ బయటపడుతుంది. ఆ తర్వాత భూతద్దం. నల్ల చుక్క ఉందా, ఈకలాంటి పగులు ఉందా, కాకి కాలి గుర్తులా పాయలు చీలిన గీత ఉందా. ఆ గీతనే కాకిపాదం అంటారు. అది ఉన్న రవ్వ ఇంట్లోకొస్తే మనిషి ప్రాణం మీదికి తెస్తుందని మావాళ్ళ భయం. నాన్నకు ఆ భయం లేదు. పగులుంటే రాయి చిట్లుతుంది, అంతకు మించి ఏమీ లేదనేవాడు. నాకూ లేదు. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే నేను తర్వాత అన్న మాట నమ్మి అన్నది కాదు.

నా కాపురం ఎక్కువ కాలం సాగలేదు. ఆయన కొట్టలేదు, తాగలేదు. నేనేది మాట్లాడినా నవ్వేవాడు. వచ్చినవాళ్ళ ముందు "దీనికేం తెలుసు" అని నవ్వేవాడు. కొన్నాళ్ళకు నేను మాట్లాడడం మానేశాను. ఇంకొన్నాళ్ళకు బయటికొచ్చేశాను. అక్క పోయాక అక్క కూతుర్ని తెచ్చుకుని గరాచర్మలో ఇల్లు కట్టుకున్నాను. పిల్ల పేరు హేమ అనుకోండి.

హేమకు భాస్కర్ సంబంధం వచ్చింది. దీవుల మధ్య తిరిగే ఓడ మీద ఇంజన్ పని. గవర్నమెంటు ఉద్యోగం. తండ్రికి పడవ ఉంది, వేటకు వెళ్తాడు. తల్లి అప్పలనరసమ్మ, శ్రీకాకుళం వైపు నుంచి కాపురానికొచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. మంచిది. అబ్బాయి హేమకు నచ్చాడు. ఈ మాట కూడా దాచను.

నిశ్చితార్థానికి ఒంటి రవ్వ ఉంగరం పెడతానన్నాడు భాస్కర్. అబర్డీన్ బజారులో ఒక నగల దుకాణంవాళ్ళు చెన్నై నుంచి మూడు రాళ్ళు తెప్పించారు. ఎంచిపెట్టమని నన్నూ తీసుకెళ్ళారు.

నేను భూతద్దం తీసేలోపే హేమ ఒక రాయి మీద వేలు పెట్టింది. మూడింట్లోకీ చిన్నది. "ఇది బాగుంది" అంది. భాస్కర్ నవ్వాడు. "ఇస్కో క్యా మాలూమ్ భయ్యా, బడావాలా దిఖావో" అన్నాడు దుకాణదారుతో. దీనికేం తెలుసు, పెద్దది చూపించమని. హేమ బల్ల మీద ఉన్న చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఆ చెయ్యి నాకు తెలుసు. అది నా చెయ్యి.

రాళ్ళు చూశాను. పెద్దదాంట్లో పసుపు ఉంది. అడుగు మరీ పల్చన, వెలుగు పైకి రాకుండా కిందికి కారిపోతోంది, నడుమ చేప కన్నులా మసక. ఇంకోదాంట్లో అంచున పగులు. హేమ చూపించిందే మేలు. సైజు కాదు, కోత చూడాలని చెప్పాను. "మీరంటే సరే ఆంటీ" అన్నాడు భాస్కర్ వెంటనే. అదే రాయి. హేమ అంటే నవ్వు, నేనంటే సరే.

ఇదేమైనా నేరమా? కుర్రవాడు, నలుగురిలో గొప్పకు ఒక మాట అన్నాడు. నాకు నేనే ఇలా సర్దిచెప్పుకున్నాను. హేమతో నేరుగా చెప్పొచ్చు కదా అంటారేమో. చెప్పాను. "అందరూ అలాగే అంటారు పిన్నీ" అని ఊరుకుంది. అతని మాట కంటే ఆ జవాబు నన్ను ఎక్కువ భయపెట్టింది.

రవ్వ అచ్చొస్తుందో లేదో చూడాలని హేమ పేరు చెప్పి భాస్కర్ వాళ్ళింట్లో దేవుడి దగ్గర మూడు రోజులు పెట్టారు. ఆ మూడు రోజుల్లోనే జెట్టీ మీద పాచికి కాలు జారి భాస్కర్ తండ్రి చెయ్యి విరిగింది. అప్పలనరసమ్మ రాయిని పసుపు గుడ్డలో ముడి వేసుకుని మా ఇంటికొచ్చింది.

"ఒదినా, నాకు గుండె దడగా ఉన్నాది. ఆ దుకానపోడు రాయి మంచిదని కాయితం సూపిత్తన్నాడు. కాయితానికేటి తెలుత్తాది? నువ్వు సూసి సెప్పు."

కిటికీ దగ్గరకు వెళ్ళి చూశాను. నీటిచుక్కలా ఉంది రాయి. నాన్న ఉంటే మెచ్చుకునేవాడు.

"కాకిపాదం" అన్నాను.

"ఆ రోజు అగుపడ్లేదా?"

"దుకాణం లైట్ల కింద దొరకలేదు వదినా. సన్నగా ఉంది."

ఆమె కంగారు పడుతుందనుకున్నాను. తేలికపడింది. "పోన్లే. దోసం రాయిదే, పిల్లది కాదు. ఇంకోటి కొందుం. పిల్ల బంగారం" అంది.

నేను అక్కడ ఆగిపోవచ్చు. రాయి మీద వేసిన నింద రాయితోనే పోయేది. ఆగలేదు. ఆగితే ఆ పెళ్ళి అయిపోతుంది.

"రాయి మారిస్తే పోతుందని నేను చెప్పలేను వదినా" అన్నాను. "మూడు రోజులూ హేమ పేరు మీదే కదా పెట్టారు. తల్లి కూడా దాని చిన్నప్పుడే పోయింది. మీ ఇంటి మంచి మీరు చూసుకోవాలి."

మా అక్క చావును నేనే తెచ్చి అక్కడ పెట్టాను. అప్పలనరసమ్మ రాయిని మళ్ళీ పసుపు గుడ్డలో ముడి వేసుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "నీ పిల్లయినా దాసకుండా సెప్పినావు. ఈ మేలు మర్సిపోను" అంది. కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. సంబంధం తప్పిపోయింది. పిల్ల పేరు అచ్చిరాలేదట అన్న మాట ఆ నోటా ఈ నోటా హేమ చెవిన కూడా పడింది.

భాస్కర్ ఇంకెవరినో చేసుకున్నాడు. ఒకసారి మెరీనా పార్కు దగ్గర భార్యాబిడ్డలతో కనపడ్డాడు. దాక్కుని చూశాను, అవును, దొంగలా చూశాను. ఏం కావాలో అడక్కుండానే భార్యకు ఐస్‌క్రీమ్ కొనిచ్చాడు. ఆమె నవ్వుతూ తింది. నేను అనుకున్నది నిజమో కాదో ఆ నవ్వులో వెతికాను. దొరకలేదు. అతను మంచి మొగుడే కావచ్చు. ఇల్లు ఖాళీ అయిపోతుందన్న నా భయమే అతని మీద తప్పు వెతికించిందా? కావచ్చు. అయినా సరే, నన్ను మళ్ళీ ఆ కిటికీ దగ్గర నిలబెడితే ఆ రాయి మీద మళ్ళీ అబద్ధం చెబుతాను. నా ఆడపిల్ల బల్ల మీంచి చెయ్యి తీసేసుకుంటే చూస్తూ కూర్చోను. ఎవరేమన్నా అనుకోండి.

కానీ రెండో మాట ఉంది. రాయి మీద కాదు, హేమ మీద అన్నది.

హేమ ఇప్పుడు ఫెరార్గంజ్ స్కూల్లో టీచరు. అక్కడే గది తీసుకుంది, ఆదివారాలు వస్తుంది. పెళ్ళి చేసుకోలేదు. సంబంధం తెచ్చినవాళ్ళకు తనే ముందు చెప్పేస్తుంది, "నా పేరు ఎవరికీ అచ్చిరాదండీ" అని. ఎవరింట్లో పెళ్ళయినా తాళి కట్టే వేళకు లేచి వంటల వైపు వెళ్ళిపోతుంది. వేళ్ళకు ఇత్తడి ఉంగరం కూడా పెట్టుకోదు. ఆ మచ్చ ఆమె మీద వేసింది నేను. అది ఆమె నమ్మింది. నేను నమ్మని దాన్ని ఆమె నమ్మి బతుకుతోంది.

హేమ తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవడం మాత్రం సరిగా రాదు. హిందీ బడిలో చదివింది. ఇది తెలుగులో మొదలుపెట్టింది అందుకే. ఎప్పుడైనా తన కంటపడినా అర్థం కాదని. అంత పిరికిదాన్ని. ఇక్కడిదాకా రాశాక నా మీద నాకే రోత పుట్టింది.

మొన్న ఆదివారం తను వచ్చినప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి, మొదటి నుంచి నేనే చదివి వినిపించాను. అయ్యాక, "అప్పలనరసమ్మ అత్తమ్మతో నా గురించి అన్నావే, ఆ ముక్క మళ్ళీ చదువు" అంది. చదివాను.

"అప్పుడే తెలుసా, నాలో ఏమీ లేదని?"

"తెలుసు."

తను లేచి సంచీ తీసుకుంది. వచ్చే వారం వస్తాననలేదు. క్షమించమని నేను అడగలేదు, ఎప్పటికీ అడగను. గేటు దగ్గర నిలబడి, బస్సు కదిలేదాకా చూశాను. తర్వాత లోపలికొచ్చి అన్నం వడ్డించుకుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాను.