సరిత ఎడమ చెవి

ఎనభై మూడు అక్టోబరులో ఒక గురువారం ఉదయం ఏడింటికి లాస్ ఏంజెలిస్‌లో బస్సెక్కాను. శాంటా క్లారాలో ఉన్న మా చెల్లెలు కమల ముందురోజు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ఏడేళ్ళ కూతురు సరితకి ఎడమ చెవి వినపడదని స్కూల్లో తేల్చారట. శుక్రవారం సంతకం పెడితే సోమవారం నుంచి వేరే ఊళ్ళో చెవిటిపిల్లల బడికి పంపుతారట. తెనాలిలో ఇరవై ఏళ్ళు ఒకటో తరగతి పిల్లలతో వేగినదాన్ని, నా కళ్ళతో చూడందే నమ్మబుద్ధి కాలేదు.

పక్క సీటు ముసలావిడకి నిజంగానే ఎడమ చెవి పోయింది. నన్ను కుడివైపు కూర్చోమంది. ఎడమవైపు ఏ చిన్న అలికిడైనా, ఏమిటో చూద్దామని తల మొత్తం తిప్పేది. పన్నెండింటికి నా పులిహోర సగం ఆవిడే తిన్నది. ఈ దారిన వెళ్ళే శాకాహారులు తిండి వెంట తీసుకెళ్ళండి, మధ్యలో బ్రెడ్డు తప్ప ఏమీ దొరకదు. నాలుగున్నరకి దిగితే కమల కార్లో ఇంటికి తీసుకెళ్ళింది.

మర్నాడు తొమ్మిదింటికి స్కూలు. పిల్లల్ని బాగా చూసుకునే బడి, కాదనను. దిగులుగా ఉన్న పిల్లలతో మాట్లాడ్డానికే ఒక టీచరమ్మ ఉంది. ఆవిడే మమ్మల్ని కంప్యూటర్ల గదికి తీసుకెళ్ళింది. ఇరవైమంది పిల్లలు, చెవులకి హెడ్‌ఫోన్లు, సరితకి మాత్రం కుడి చెవికే, ముఖాల మీద తెరల ఆకుపచ్చ వెలుగు. యంత్రం చెప్పే మాటలకి అందరి పెదాలూ కదులుతున్నాయి, గదిలో చప్పుడు మాత్రం లేదు.

ఒక పిల్ల లేచి సరిత ఎడమవైపుకి వచ్చింది, చెవిలో ఏదో ఊది వెళ్ళిపోయింది. తర్వాత ఇంకో పిల్లాడు. తర్వాత మరొకరు. ఆ చెవి వినపడదు కదా, మనసులో బరువు అక్కడ దింపుకుంటారు, పాపం, అంది టీచరమ్మ. సరిత ఒక్కసారి కూడా తల తిప్పలేదు. బస్సులో ముసలావిడ గుర్తొచ్చింది. నిజంగా వినపడని పిల్లయితే, ఎవరొచ్చారో అని ఆవిడలాగే తిరిగి చూడదూ?

నేనూ ఆ వైపే వంగి, గుసగుసగా, "సున్నుండలు తెచ్చానే" అన్నాను.

తెర మీంచి చూపు తిప్పకుండానే అంది: "వాళ్ళకి చెప్పకు పెద్దమ్మా. సీక్రెట్స్ అన్నీ నా దగ్గరే ఉన్నాయి."

పరీక్ష ఎలా చేశారని టీచరమ్మని అడిగాను. ఏ వైపు చప్పుడైతే ఆ చెయ్యి ఎత్తమన్నారట. అదీ సంగతి! పోయినేడు వచ్చి ఆరు నెలలుండి వెళ్ళిన సరిత నాయనమ్మ, పెద్దవాళ్ళ ముందు ఎడమ చెయ్యి ఎత్తితే చాలు చురక వేసేది. పిల్ల విన్నది, చెయ్యి ఎత్తలేదు, అంతే.

చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించాను. కానీ కమల చేతిలో పెన్నుంది. చెప్పేశాను. అక్కడే మళ్ళీ పరీక్ష పెట్టారు, ఈసారి ఏ వైపు విన్నా కుడి చెయ్యే ఎత్తమన్నారు. ఎడమ చెవిలో ఎన్నిసార్లు మోగితే అన్నిసార్లూ ఎత్తింది. చూస్తుండగానే గదిలో పెదాలన్నీ ఆగిపోయాయి. ఇరవైమందీ సరిత వైపే చూస్తున్నారు. ఒక పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది. టీచరమ్మ ముఖం కూడా పాలిపోయింది. ఆ చెవిలో ఆవిడేం చెప్పుకుందో నేనడగలేదు.

మంగళవారం ఎనిమిదింటికి తిరుగు బస్సు. సరిత నా ఎడమవైపు నిలబడి చెవికి నోరు ఆనించింది. ఊపిరి తగిలింది, మాట రాలేదు. ఏమిటమ్మా అన్నాను.

"నథింగ్ పెద్దమ్మా. నిన్న నాకు ఎవ్వరూ ఏం చెప్పలే."

పిల్లని ఆ బడిలోనే నిలబెట్టి వచ్చాను, తప్పు చేశాననుకోను. అయినా బాధగానే ఉంది. బస్సులో నా ఎడమవైపు కిటికీ తప్ప ఎవరూ లేరు. లాస్ ఏంజెలిస్ దాకా ఆ చెవికి వెచ్చగా ఊపిరి తగులుతూనే ఉంది.