వెండెల్ వేసిన మలుపు

వెండెల్ క్రాట్జ్ బతుకంతా వ్యాగన్ల మరమ్మతు షెడ్డులో వెల్డింగు చేశాడు. రిటైరయ్యాక కూడా వ్యాగన్లు ఆయన్ను వదల్లేదు, కాకపోతే ఇప్పుడవి అరచేతిలో పట్టేవి. పెన్సిల్వేనియా ముసలాళ్ళం మేం చర్చి నేలమాళిగలో వేసుకున్న బొమ్మ రైలుమార్గానికి పట్టాలు వంచి మేకులు కొట్టింది ఆయనే. ఆ మెట్లు దిగడమే మాకు ప్రయాస. అయినా ఏ వ్యాగనైనా ఆయన పరీక్షించాకే పట్టాలెక్కాలి.

ఆయనకూ మాలోనే ఒకడైన ఎల్‌వుడ్ స్టౌఫర్‌కూ చక్రాల దగ్గరే పేచీ. ఎల్‌వుడ్ వ్యాగన్ల కింద చక్రాలను పట్టి ఉంచేవి పాతకాలపు లోహపు చట్రాలు, వాటిలో గోరంత స్ప్రింగులు. అసలు వ్యాగన్లకు ఉన్నవి తన వాటికెందుకు ఉండకూడదని ఆయన వాదన. ఇంత తేలిక బండి కింద స్ప్రింగు నొక్కుకోనే నొక్కుకోదు, అదంతా సోకు, ప్లాస్టిక్ చట్రంలో సూదిమొన ఇరుసులు పెడితే ఊదినా దొర్లుతుందని వెండెల్ వాదన. పెద్ద మలుపులో ఎల్‌వుడ్ రైలు పడినప్పుడల్లా తప్పు చట్రాలదని వెండెల్, మలుపుదని ఎల్‌వుడ్. వినీ వినీ మాకు విసుగొచ్చేసింది.

చలికాలంలో ఎల్‌వుడ్ పోయాడు. పోయినవాడి వ్యాగన్లను ఆఖరిసారి ఒక చుట్టు తిప్పడం మా ఆనవాయితీ. ఆయన భార్య లోరీన్ పెట్టె తెచ్చి వెండెల్‌కిచ్చి, మధ్యలో పడిపోకుండా చూడమని మాత్రం అడిగింది. చట్రాలు మార్చేస్తే సరిపోతుందని అందరం చెప్పాం.

"మారిస్తే అది వాడి రైలు కాదురా," అన్నాడు వెండెల్ నాతో నీరసంగా. "వాడి మీద గెలిచే ఓపిక నాకిక లేదు."

శనివారం పాత చట్రాలతోనే రైలు కదిలింది. పెద్ద మలుపులో నడిమి వ్యాగను తూలి పక్కకు ఒరిగింది, దాని వెనక మరో రెండు. లోరీన్ మొహం పాలిపోయింది. నాకు వెండెల్ మీద ఒళ్ళు మండింది. ఆవిడ అడిగింది ఆ ఒక్కటే కదా.

వెండెల్ మోకాళ్ళు పట్టుకుని వంగి, వ్యాగన్లను ఒక్కొక్కటే పట్టాలెక్కించాడు.

"చక్రాలు బాగానే ఉన్నాయి లోరీన్. నేను వేసిన మలుపే వంకర. ఎల్‌వుడ్ చెబుతూనే ఉండేవాడు."

"ఆ మాట ఆయనుండగా అనుంటే, భోజనాల దగ్గర నాకీ మలుపు గోల తప్పేది," అని నవ్వబోయి ఆవిడ ఏడ్చేసింది.

రైలు మెల్లగా చుట్టు పూర్తి చేసింది. ఆ మలుపులో మా వ్యాగన్లేవీ ఎన్నడూ పడలేదు. ఆ సంగతి మేమెవరం ఎత్తలేదు.