గోడకు ఒక కడ్డీ

నిన్న పొద్దున కోదాడ పిల్ల అయిన మా కోడలు మేస్త్రీని పిలిపించి, పాత బాత్‌రూమ్ పగలగొట్టి కొత్తగా కట్టడానికి ఏమేం కావాలో, ఎంతవుతుందో కాగితం మీద వేస్తూ, అన్నింటికన్నా పైన, పట్టుకుని లేవడానికి గోడకు స్టీలు కడ్డీ అని రాసింది. నేను అడగలేదు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, "అత్తమ్మా, చెయ్యి చాపండి, ఎక్కడికి అందుతదో చూస్తా" అని, నా వేళ్లు ఆనిన చోట గోడ మీద పెన్సిలుతో గీత గీసింది. ఆ గీత చూసేసరికి నాకు ఎక్కడలేని సిగ్గు ముంచుకొచ్చింది.

సూర్యాపేటలో మేము ఈ ఇల్లు కట్టుకున్న రోజుల్లో లెక్కలన్నీ నా చేతిలోనే ఉండేవి. మా ఆయన పని జీతం తెచ్చివ్వడం వరకే. మిర్యాలగూడలో మా అక్క తన కొత్తింటి బాత్‌రూమ్‌కు గోడ సగం వరకూ గులాబీరంగు టైల్స్ వేయించిందని, నాకు పైకప్పు దాకా వేయించాలని పంతం. మీ ఇళ్లల్లోనూ ఇలాంటి పంతాలు ఉండే ఉంటాయి, కాదనకండి. అప్పటికే మోకాళ్లు పట్టేసిన మా అత్తగారు నన్ను అడిగింది ఒక్కటే. "గీడ గోడకు ఒక ఇనుప కడ్డి పెట్టియ్యరాదె బిడ్డా, పట్టుకొని లేస్త" అంది. టైల్స్‌కు చిల్లులు పెడితే అందం పోతుందనీ, చూసినవాళ్లు దవాఖానలా ఉందంటారనీ ఆ ఖర్చు కొట్టేశాను. ఆవిడ మళ్లీ అడగలేదు.

ఇంట్లో దిగాక, నేలమట్టంగా ఉన్న మరుగుదొడ్డి పక్కన గోడకున్న నల్లా నెలకోసారి వదులై కారేది. ప్లంబర్ వచ్చినప్పుడల్లా, అంత గట్టిగా తిప్పితే ఎట్లా అని నలుగురిలో అత్తగారి మీద విసుక్కునేదాన్ని. ఆవిడ తలవంచుకుని వినేది. ఆవిడ పోయాక ఆ నల్లా ఒక్కసారీ వదులు కాలేదు. చివరిసారి ప్లంబర్ మార్చిన నల్లా మంచిది దొరికిందనుకున్నాను.

మొన్న చలికాలం నా మోకాళ్లూ మొరాయించి, దొడ్డి మీద నుంచి లేవలేక అవస్థ పడుతుంటే, నా చెయ్యి తనంతట తానే వెళ్లి ఆ నల్లాను పట్టుకుంది. ఆవిడ అన్నేళ్లూ దేన్ని పట్టుకుని లేచిందో అప్పుడు తెలిసింది. ఏడ్చాను. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు దుకాణాల్లో రకరకాల కడ్డీలు దొరుకుతున్నాయి, అడగకుండానే కోడళ్లు రాసిపెడుతున్నారు, మంచి కాలమే. నా చెయ్యి ఎంతవరకు అందుతుందో గోడ మీద గీత ఉంది. మా అత్తగారి చెయ్యి ఎంతవరకు అందేదో నేను ఏనాడూ చూడలేదు.