లడ్డూ రిపోర్టు, బజ్జీ గుండె

2012. టెక్సస్‌లో ఫ్రిస్కో దగ్గర ఒక పెట్ క్లినిక్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. మన దగ్గర పశువైద్యం చదివాను గానీ ఇక్కడి లైసెన్సు పరీక్షలు అప్పటికి పూర్తికాలేదు. రక్తం తీయడం, ఎక్స్‌రేకి పట్టుకోవడం, గోళ్లు కత్తిరించడం నా పని. తెలుగువాళ్లు వస్తే మాట్లాడటం కూడా నా పనే. 'పశువుల డాక్టరమ్మ' అని ఆటపట్టిస్తూనే, పిల్లికి తుమ్మొచ్చినా నాకే ఫోన్ చేసేవాళ్లు.

రవికిరణ్, మాధవి ఒకే ఆఫీసువాళ్లు. ఒకే బ్రీడర్ దగ్గర, ఒకే ఈతలో పుట్టిన రెండు బాక్సర్ జాతి కుక్కపిల్లల్ని చెరొకటి తెచ్చుకున్నారు. పేర్లు పెట్టింది మాధవి కూతురు అనన్య, తొమ్మిదేళ్లది. రవి వాళ్లది లడ్డూ, తమది బజ్జీ.

ఆ వేసవిలో లడ్డూ బంతి వెనక పరిగెత్తుతూ స్పృహతప్పి పడిపోయాడు. నిమిషంలో లేచాడట గానీ రవి హడలిపోయి తీసుకొచ్చాడు. ఒంటికి హోల్టర్ కట్టి పంపాం. అది గుండె లయని ఒక రోజంతా రికార్డు చేసే చిన్న పెట్టె. లయ ఘోరంగా తప్పుతోంది. మా డాక్టర్ మందులు మొదలుపెట్టి, జెనెటిక్ టెస్ట్ కూడా చేయిద్దామంది. దానికి సూది కూడా అక్కర్లేదు, బుగ్గ లోపల స్వాబ్‌తో, అంటే ఓ చిన్న బ్రష్‌తో, రుద్ది ల్యాబ్‌కి పంపితే చాలు.

రిపోర్టు వచ్చింది. ఏఆర్‌వీసీ. బాక్సర్లకి వంశంలోంచి వచ్చే జబ్బు. గుండె కండరం చచ్చి ఆ చోట కొవ్వు చేరుతుంది. స్టెతస్కోప్ పెడితే ఏమీ తెలియకపోవచ్చు, ముందే ఏ గుర్తూ లేకుండా ప్రాణం పోవచ్చు. లడ్డూకి లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చింది. అలాంటప్పుడు తమ్ముడికి ఉండే అవకాశం చాలా ఎక్కువ.

"మాధవికి ఇవాళే చెప్పండి. బజ్జీకి కూడా టెస్ట్ చేయించాలి" అన్నాను.

రవి తల గోక్కున్నాడు. "వచ్చే ఆదివారం వాళ్ల గృహప్రవేశం సుధ గారూ. శుభమా అని కొత్తింట్లోకి పోతుంటే ఈ ముచ్చట ఎట్ల చెప్పాలె? వారమే కదా. సోమవారం నేనే చెప్తా. అప్పటిదాకా మీరు అనకండి, ప్లీజ్."

ఒక క్లయింట్ రిపోర్టు అతని అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదు. ఆ రూలే నా నోరు కట్టేసిందని చాలాకాలం చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ గురువారం మాధవి బజ్జీని గోళ్లు తీయించడానికి తీసుకొచ్చింది. రవి పేరెత్తకుండా, బాక్సర్లకి ఈ టెస్ట్ చేయించడం మంచిది అని అనొచ్చు. ఏ రూలూ అడ్డురాదు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అంతలో ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి కుంకుమ భరిణె తీసి, అక్కడే నాకు బొట్టు పెట్టింది.

"ఆవుని ట్రెయిలర్‌లో తెప్పిస్తున్నాం సుధా. తాడు నువ్వే పట్టుకోవాలి, పశువుల డాక్టరమ్మవి కదా!"

ఆ నవ్వు ముఖం చూశాక నాకూ నోరు పెగల్లేదు. బజ్జీ గుండె విన్నాను, బాగానే కొట్టుకుంటోంది. గుడ్ బాయ్ అని తల నిమిరి పంపేశాను.

ఆదివారం పొద్దున్న పట్టుచీర కట్టుకుని ఆవు తాడు పట్టుకున్నాను. గుమ్మం ముందు మంత్రాలు మొదలయ్యాయి. బజ్జీ పుట్టాక ఎప్పుడూ ఆవుని చూడలేదు. అనన్య చేతిలోని తాడు విడిపించుకుని దూకాడు. అరుస్తూ ఆవు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మూడోసారి ముందుకాళ్లు ముడుచుకుపోయి గడ్డిలో వాలిపోయాడు.

"చూడండి, బజ్జీ కూడా గోమాతకి దణ్ణం పెడుతున్నాడు!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

నేను తాడు వదిలేసి పరిగెత్తాను. చీర దోపుకుని, గడ్డిలో కూర్చుని, చేతులు పడిపోయేదాకా వాడి ఛాతీ నొక్కాను. ప్రాణం తిరిగి రాలేదు. రవి గ్యారేజీ గోడకి ఆనుకుని ఏడుస్తున్నాడు. అనన్య మాత్రం ఏడవలేదు.

"ఆంటీ, థర్స్‌డే నువ్వు చెక్ చేశావ్ కదా? గుడ్ బాయ్ అన్నావ్ కదా?"

ఆ సాయంత్రమే రవి మాధవికి అంతా చెప్పేశాడు. ఆవిడ ఒప్పుకుంటే బజ్జీ స్వాబ్ కూడా పంపాం. అన్నకి ఏముందో తమ్ముడికీ అదే ఉంది.

ఆ రిపోర్టు ఇవ్వడానికి నేనే వెళ్లాను. మందులు వాడినా బతికేవాడని గ్యారంటీ లేదు అన్నాను. అది నిజమే, కానీ ఆ మాట అంటుంటే నామీద నాకే అసహ్యం వేసింది.

"నాకు తెలుసండీ" అంది మాధవి. అప్పటిదాకా ఆవిడ నన్ను ఎప్పుడూ అండీ అనలేదు. "ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ పూట వాణ్ణి పక్కింట్లో ఉంచేదాన్ని. మంచిరోజు చెడకూడదని చూశారు మీరిద్దరూ. తను తాడు గట్టిగా పట్టుకోలేదు, అందుకే చచ్చిపోయాడా అని నా కూతురు రోజూ అడుగుతోంది. దానికేం చెప్పను?"

వాళ్లు మళ్లీ మా క్లినిక్‌కి రాలేదు.

తర్వాత లైసెన్సు వచ్చింది. ఇప్పుడు ఏ కుక్కకి స్వాబ్ తీయాలన్నా ముందు తోబుట్టువులు ఎవరింట్లో ఉన్నాయో అడుగుతాను. రిపోర్టు వాళ్లకీ చెప్పొచ్చని కాగితం మీద సంతకం తీసుకుంటాను. కొందరు నసుగుతారు. వాళ్లింట్లో ఫంక్షన్ ఉందనో, తర్వాత చూద్దామనో అంటారు. అప్పుడు స్వాబ్ పక్కన పెట్టి, ఆ ఇంట్లో కుక్క తాడు ఎవరు పట్టుకుంటారని అడుగుతాను.