సరిచూసిన పేరు

అరవైల చివర ఒక ఎండాకాలం, చీపురుపల్లి స్టేషన్లో బండి కోసం కూర్చున్నాను. పక్కన పొందూరు పంచె కట్టిన పెద్దాయన, ఒకప్పుడు తంతి గుమాస్తానట. స్టేషన్ మాస్టారి గదిలో తంతి మిషను టకటకలాడుతోంది. ఆ చప్పుళ్లే అక్షరాలు. ఆయన వేళ్లు బల్ల మీద అదే దరువు వేస్తున్నాయి.

"ఏటంటన్నాది తాతా?" అన్నాను నవ్వుతూ.

"పేరు మల్లీ కొట్టమంటన్నారు బాబూ. సావు కబురైతే అంతే. తప్పు మనిషికి అందకూడదు గదా!"

మళ్లీ టకటక. ఆయన చెవి అటే ఉంది.

"ఇంతకీ నీ పేరేటి బాబూ?"

చెప్పాను. ఆయన వేళ్లు ఆగిపోయాయి. మరచెంబు మూత తిప్పి నా చేతికిచ్చాడు.

"ముందు నీల్లు తాగు."

తాగుతుండగానే మాస్టారి గది తలుపు తెరుచుకుంది.

ఇప్పటికీ ఎవరైనా అడక్కుండా మంచినీళ్లిస్తే, ముందు వాళ్ల వేళ్లకేసి చూస్తాను.