నా బెల్టూ మామ ఖాకీ చొక్కా

ఉప్పల్‌లో మా దర్జీ మీద నాకో ఫిర్యాదు ఉండేది. ఏ ప్యాంటు కుట్టినా నడుము నాకూ, ఇంకో సగం మనిషికీ సరిపోయేటట్టు కుట్టేవాడు. అడిగితే "లావైతవ్ తియ్యన్నా" అనేవాడు. డిగ్రీ అయింది గానీ నేను లావు కాలేదు. బెల్టు కొనుక్కున్నాను.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం రోజులవి. నాచారం రోడ్డు మీద మా ఊరేగింపులో ముందు రాళ్లు లేచాయి, తర్వాత పోలీసుల తుపాకులు పేలాయి. అందరం రోడ్డు పక్క కాలువలోకి దూకాం. మాతో వచ్చిన ఒక విద్యార్థి మాత్రం రోడ్డు మధ్యన పడిపోయాడు. తొడలోంచి నెత్తురు బోరింగు కొట్టినట్టు ఎగజిమ్ముతోంది. "అమ్మా" అని పిలుస్తున్నాడు. కాలువలో మేమూ తలా ఒక దేవుణ్ణి పిలుస్తున్నాం గానీ ఎవరం కదల్లేదు.

కదిలింది మామ. మా వాడకట్టు మనిషి. మిలిట్రీలో గాయపడ్డవాళ్లకు కట్లు కట్టేవాడు, చైనా యుద్ధం చూసి వచ్చి ఫ్యాక్టరీ దవాఖానాలో కంపౌండరుగా చేరాడు. అవతలి వైపు నుంచి పాక్కుంటూ వచ్చి విద్యార్థి తొడను రెండు చేతులా అదిమిపట్టాడు. డ్యూటీ నుంచి వస్తున్నాడేమో, ఫ్యాక్టరీవాళ్లిచ్చిన ఖాకీ బట్టల్లోనే ఉన్నాడు. ఆ రోజుకు అది అంత మంచి రంగు కాదు.

"పోలీసోడు మనోణ్ణి సంపుతుండు!" అని మాలో ఎవరో అరిచారు.

ఇక అటు నుంచి తూటాలు, ఇటు నుంచి రాళ్లు. ఒక రాయి మామ నుదురు చీల్చింది. నెత్తురు కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. చెయ్యి తీస్తే కింద పిల్లవాడు పోతాడు.

"అరేయ్, నేన్రా, కంపౌండర్ని! రాళ్లాపి ఒక బెల్టు ఇయ్యున్రి!"

బెల్టు ఉన్నది నాకే. విసిరితే సగం దూరంలో పడింది. అందివ్వడానికి నేనే కాలువలోంచి బయటికి పాకాను. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని పాకడం మా కాలేజీలో నేర్పలేదు. పక్కన తూటా తగిలి తారు పెచ్చు నా చెంపలో దిగింది.

"జల్ది రా అల్లుడా! పెండ్లికొస్తున్నవా?"

బెల్టు తొడపైన వేసి బిగించాడు. విద్యార్థి కేక పెట్టాడు.

"తిట్టు కొడుకా, నన్ను తిట్టు. కండ్లు మాత్రం మూయకు."

వాడు తిట్టాడు, చాలా శ్రద్ధగా. నెత్తురు ఆగింది.

వాడు బతికాడని తెలిశాక మేమంతా పూలదండ తీసుకుని మామ ఇంటికి పోయాం. తలకు కట్టుతో మంచం మీద ఉన్నాడు. అత్త గుమ్మంలోనే ఆపి దండను చూసింది, మమ్మల్ని చూసింది.

"చైనా లడాయిల ఒక్క దెబ్బ తగల్లే ఈయనకు. తలకాయ పలగ్గొట్టింది మీరే గదా?"