రెండు బండ్లకు ఒకటే పాయింట్

వరండాలో గోనెపట్టా తీయగానే పాత పెట్రోలు, గడ్డకట్టిన గ్రీజు, ఎలుకలు కొరికిన సీటు పీచు కలిసిన వాసన గుప్పుమంటుంది. సుబేదారిలోని ఈ ఇంట్లో ఎవరికీ నచ్చని ఆ వాసనకు నాకు మాత్రం కొత్తవాడలోని మా పాత ఇల్లు గుర్తొస్తుంది. నాయిన పోయాక ఆయన మోటార్‌సైకిల్‌ను నేను తెచ్చుకున్నాను. దాని సామాను ఇప్పుడు ఎక్కడా దొరకదు కాబట్టి, ఏడాదిగా మెకానిక్ యాదగిరి, నేనూ ఒక బండి ముక్క ఇంకో బండికి అతికించుకుంటూ వస్తున్నాం. క్లచ్ వైరు ఒకదానిది, చైను ఇంకోదానిది, బ్రేకు లైనర్లు ఏదో స్కూటరువి. పాయింట్ మాత్రం ఏ బండిదీ సరిపోలేదు. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే బొటనవేలంత ముక్క అది, లేకపోతే ఎన్ని కిక్కులు కొట్టినా బండి కదలదు. రషీద్ సాబ్ దగ్గర ఉంటుంది, అడిగి రండి మేడం అని యాదగిరి మూడు నెలలుగా పోరుతున్నాడు. నేను పోలేదు. రషీద్ చాచాకు చెప్పాల్సిన మాట ఒకటి చిన్నప్పటి నుంచి నా కడుపులోనే ఉంది.

మా ఇల్లూ చాచా ఇల్లూ ఒకే గోడకు ఇటూ అటూ. నాయిన కార్పెట్లు నేసేవాడు, చాచా వాటిని బండి మీద కట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మేవాడు. ఇద్దరివీ ఒకే రకం బండ్లు. పొద్దున్నే మగ్గాల చప్పుడు, నూలుకు వేసే రంగుల ఘాటు, ఎండాకాలం చాప మీద ఆరే మామిడి ఒరుగులు, వానాకాలం కిక్కు మీద కిక్కు కొడుతూ నాయిన తిట్టే తిట్లు, ఇవన్నీ రెండిళ్లకూ ఉమ్మడివే. కొత్త పాయింట్లు దొరకని ఆ రోజుల్లో రెండు బండ్లకూ కలిపి ఒకటే మిగిలింది. పని పడ్డవాళ్లు వాడుకుని, గోడ మేకుకు వేలాడే జర్దా డబ్బాలో వేసేవారు, ఇంకొకరు అడగకుండానే తీసుకునేవారు. నాయిన పోస్టుకార్డు అంచు దూర్చి దాని సందు సరిచూస్తుంటే నేనూ, చాచా కూతురు నసీమా తలలు ఆనించి చూసేవాళ్లం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, దసరా పొద్దున పాలంపేట తీసుకుపోయి రామప్ప గుడి చూపిస్తానని నాయిన మాటిచ్చాడు. పండుగ గిరాకీ బాగుందని, దసరా నాడు తాను పరకాల పోతానని చాచా అనడం నేను విన్నాను. సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నం చాచా తిరిగొచ్చి పాయింట్ డబ్బాలో వేశాడు. ఇల్లంతా వేయించిన నువ్వుల వాసన, పులిహోర పోపు వాసన, మలీద ముద్దల్లో బెల్లం వాసన. వాకిట్లో అమ్మ తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు, రంగులద్దిన గునుగు పూలు వరసలుగా పేరుస్తూ, నడుమ ఖాళీలో కోసిన కాడలు కూరుతోంది. ఆమె పోపు చూడటానికి లోపలికి పోగానే, చాచా పరకాల తీసుకుపోకుండా పాయింట్ తెచ్చి ఆ కాడల కింద దాచాను. సాయంత్రంలోగా తీసి ఇంకోచోట పెట్టొచ్చనుకున్నాను. పూలు పేర్చడం పూర్తయితే లోపలికి చెయ్యి దూరదన్న సంగతి నాకు తట్టలేదు. చెబితే తన్నులు పడతాయని, రామప్ప కూడా దక్కదని నోరు మూసుకుని అమ్మ వెంట చెరువుకు నడిచాను. నీళ్లలోకి తోసిన బతుకమ్మ అటూ ఇటూ ఊగుతూ పోయింది.

సత్తుపిండి తింటూ వాడకొచ్చేసరికి ఇంటి ముందు గుంపు. కట్టెల కుప్ప దగ్గర నసీమాను పాము కరిచింది. దవాఖానకు బండి తీద్దామని డబ్బా బోర్లిస్తే ఏమీ రాలలేదు. "పెట్టిన్నన్నవ్ గద రషీద్, జర యాదికి తెచ్చుకో," అని నాయిన అంటుంటే చాచా జేబులన్నీ తిరగేశాడట. రిక్షా దొరకలేదు. రోడ్ల నిండా బతుకమ్మలే. బిడ్డను భుజాన వేసుకుని ఆడవాళ్లను తోసుకుంటూ పెద్ద దవాఖాన దాకా ఉరికాడు. డాక్టర్లు చెయ్యి పట్టి చూసేసరికే నసీమా లేదు.

చాచానే పాయింట్ దారిలో ఎక్కడో పడేసుకుని ఉంటాడని వాడంతా తేల్చేసింది. ఆ మాట విన్నప్పుడు నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. నాయిన ఆ తర్వాత చాచాతో పని ఉంటే తప్ప మాట్లాడలేదు.

చివరికి పోయిన వారం చాచా దగ్గరికి పోయాను. చాచా నడుము వంగిపోయింది, నా గొంతు విని గుర్తుపట్టాడు. పాయింట్ అనగానే మంచం కింది నుంచి బిస్కెట్ల డబ్బా లాగాడు. దాని నిండా పాయింట్లే, ఒక్కోటి పేపరు ముక్కలో చుట్టి. అన్ని రకాల బండ్లవీ ఉన్నాయి.

"యాడ దొర్కితే ఆడ కొన్న బిడ్డా. ఎవల్కి ఎప్పుడు అక్కర పడ్తదో," అన్నాడు. వేళ్లతో తడిమి ఒకటి ఏరి పక్కన పెట్టాడు. "గిది మీ నాయిన బండిది."

ఇక ఆగలేకపోయాను. "ఆ దినం పాయింట్ నువ్వు పోగొట్టలే చాచా. నేనే దాసిన."

చాచా డబ్బా వైపే చూస్తూ, "యాడ దాసినవ్?" అన్నాడు.

"బతుకమ్మల."

"నసీమా వాళ్లమ్మ సచ్చేదాంక నాతోని సక్కగ మాట్లాడలే," అన్నాడు మెల్లగా. "నేను గూడ నేనే పోగొట్టిన్ననుకున్న."

తర్వాత ఒక్కో పాయింట్‌నూ మళ్లీ పేపర్లో చుట్టి డబ్బాలో పెట్టుకున్నాడు, నాకోసం ఏరిన దాన్ని కూడా. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. కాసేపు నిలబడి వచ్చేశాను.

మా ఇల్లున్న చోట ఇప్పుడు మూడంతస్తులు లేచాయి, వాడలో మగ్గాల చప్పుడు ఎక్కడో గానీ వినపడదు. నిన్న యాదగిరి ఫోన్ చేసి, రషీద్ సాబ్ దగ్గర దొరికిందా మేడం అని అడిగాడు. ఉన్న సంగతి చెబుదామనే నోరు తెరిచాను. దొరకలేదన్నాను.